మోత ఆగిన గది

నా ఎడమ చెవి సరిగా వినబడదు. పుట్టుకతో వచ్చిన లోపం కాదు. పందొమ్మిదేళ్లు ఒకే కుర్చీలో కూర్చున్నందుకు వచ్చింది. ఎడమ మోచేతికి జానెడు దూరంలో కంప్యూటరు డబ్బా, కుడివైపు ప్లైవుడ్ తడిక, తడిక అవతల యజమాని బల్ల. ఆ డబ్బాకీ ఆ తడికకీ మధ్య నా వయసు అయిపోయింది.

శివకాశిలో పెళ్లి కార్డులు వేసే ప్రెస్సు మాది. మాది అనడం అలవాటు, నిజానికి కన్నియప్పన్ అణ్ణాచ్చిది. మా వైపు షాపు యజమాని ఎవరైనా అందరికీ అణ్ణాచ్చే. నా పేరు తవమణి. కార్డుల మీద అక్షరాలు కూర్చడం నా పని. ఈ ఊళ్లో సగం పెళ్లిళ్లకి పిలుపు నా చేతి మీదుగానే వెళ్లింది, నన్ను పిలిచినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

ఆ డబ్బాలో ఒక ఫ్యాను ఉంటుంది. అరచేతంత ఉంటుంది. లోపలి చిప్పు వేడెక్కకుండా దాని నెత్తిన కూర్చుని తిరుగుతుంది. మొదటి ఏళ్లలో అది ఉన్నట్టే తెలిసేది కాదు. తర్వాత గుంయ్‌మంది, ఆ తర్వాత గరగరలాడింది, ఈ మూడేళ్లుగా పిండిమర పక్కన కూర్చున్నట్టే ఉంది. కుట్టుమిషను నూనె ఒక చుక్క వేస్తే నాలుగు రోజులు బుద్ధిగా తిరిగేది. అయిదో రోజు మళ్లీ మొదలు. ఇంట్లో నా కూతురు కయల్ నాతో మాట్లాడాలంటే కుడివైపుకి వచ్చి నిలబడడం ఎప్పుడు నేర్చుకుందో నాకే తెలియదు.

"అణ్ణాచ్చీ, ఆ ఫ్యాను మార్పించండి. తల పగిలిపోతోంది" అని మూడేళ్లు పోరాను.

"అది మోగితేనే కదమ్మా నువ్వు పనిలో ఉన్నట్టు నాకు తెలిసేది! ఆ మోతే నీ హాజరు" అని నవ్వేవాడు.

హాస్యానికి అన్న మాట కాదది. ఫొటోలున్న పెద్ద కార్డు తెరిస్తే ఫ్యాను గొంతు చించుకునేది, నేను చేతులు దులుపుకుని కూర్చుంటే కాస్త తగ్గేది. ఆయన తడిక అవతల కూర్చుని ఆ తేడా పట్టేసేవాడు. అన్నం డబ్బా మూత తీశానో లేదో, "చప్పుడు తగ్గిందేం తవమణీ, కునుకు పట్టిందా?" అని కేక వినబడేది.

ఆ మోత మీద మాట వినబడాలంటే అందరూ అరవాల్సిందే. బేరానికి వచ్చినవాళ్లు అరిచేవారు, కాగితాలు దించే కూలీలు అరిచేవారు. అణ్ణాచ్చి అయితే మామూలు గొంతే మరిచిపోయాడు. ఇంటికి ఫోను చేసి కూర ఏం వండమని చెప్పినా వీధి మొగదాకా వినబడేంత గొంతు. అయినా తడిక ఇవతల నాకు మాత్రం ఒక్క ముక్క తెలిసేది కాదు. నా పేరు పెట్టి కేకేస్తే తప్ప ఆయన మాటలన్నీ ఆ గరగరలో కొట్టుకుపోయేవి.

ఇంత ఓర్చుకున్నది ఎందుకో చెప్పాలి. అయిదేళ్ల కిందట అణ్ణాచ్చి విరుదునగర్ రోడ్డులో స్థలం కొన్నాడు. ఆ ఏడు ఆయుధ పూజ నాడు, హారతి ఇంకా కళ్లకద్దుకోకముందే, ఈ డబ్బా మీద చెయ్యి వేసి అందరి ముందూ అన్నాడు. "కొత్త షాపులో తవమణికి అద్దాల గది. ఏసీ పెట్టిస్తా. చేతికింద ముగ్గురు పిల్లలు. తను కూర్చుని చెబుతుంది, వాళ్లు చేస్తారు."

ఆ మాట నమ్మాను. నమ్మడం అంటే ఎలా నమ్మాను! ఆ గదిలో బల్ల ఏ గోడకి వెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. కంప్యూటరు కుడివైపు పెట్టించుకోవాలి, ఎడమ చెవికి కాస్త విశ్రాంతి. రెండేళ్ల కిందట ఇంకో పెద్ద ప్రెస్సువాళ్లు ఇంటికి మనిషిని పంపి రమ్మన్నారు. రానన్నాను. మా ఆయన ఇరుళప్పన్ వేరే ప్రెస్సులో కాగితాలు కోసే మిషను మీద పనిచేస్తాడు. షాపుల సంగతి ఆయనకి బాగా తెలుసు.

"నీ అద్దాల గదిలో ముందు ఈగలు కూర్చుంటాయి, తర్వాత బల్లులు కూర్చుంటాయి. ఆ తర్వాత జాగా మిగిలితే నీకు" అన్నాడు.

మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను.

ఈ ఏడు ఆయుధ పూజకి నాలుగు రోజులుందనగా, నేను అడగకుండానే, అణ్ణాచ్చి సుడలైముత్తుని వెంటబెట్టుకుని వచ్చాడు. సుడలైముత్తు పాత కంప్యూటర్లు బాగుచేస్తాడు. అరవై ఏళ్లుంటాయి. పాత మోపెడ్ మీద తిరుగుతూ, నోట్లో వక్క నములుతూ, మిషన్లతో సహా అందరినీ ఎగతాళి చేస్తాడు.

"ఈ మోడలుకి పట్టే ఫ్యాను ఇప్పుడెవడు చేస్తాడు? మదురైలో పాత సామాన్లన్నీ తిరగేసి పట్టుకొచ్చా. వాడకుండా పడి ఉన్న సరుకు. నీ అదృష్టం బాగుంది చెల్లెమ్మా" అన్నాడు.

అణ్ణాచ్చి వంక చూశాను. "పాపం, ఎన్నాళ్లు పడతావు" అన్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడు తలుచుకుంటే ఆ నీళ్ల మీదే నాకు ఎక్కువ అసహ్యం.

సుడలైముత్తు వైర్లు పీకి, రెండు మరలు విప్పి, డబ్బా పక్క రేకు జరిపాడు. లోపలికి చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

"ఇదేంటమ్మా, గర్భగుడి తలుపు తీసినట్టుంది!"

లోపల చిప్పు మీది రేకుల మధ్య ఎర్రగా, పసుపుగా, బూడిదరంగుగా గట్టిపడిన ముద్ద. కుంకుమ, గంధం, విభూతి, ఎండిన చామంతి రెక్కలు. ఫ్యాను రెక్కల అంచులకి కూడా అదే అంటుకుని ఉంది. స్క్రూడ్రైవరు కొనతో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది.

"ఎవరిది ఈ భక్తి?"

"నాదే" అన్నాను. ప్రతి ఆయుధ పూజకీ, ప్రతి శుక్రవారానికీ నేనే బొట్టు పెడతాను. మిషనుకి బొట్టు పెట్టాలంటే ముందు దానికో మొహం ఉండాలి కదా. పక్క రేకు మీద గుండ్రంగా చిల్లులున్న జల్లెడలాంటి చోటు ఉంది. అదే దాని నుదురనుకున్నాను. సరిగ్గా నడిమధ్యన, గంధం అద్ది, దాని మీద కుంకుమ, పైన చిటికెడు విభూతి.

"నుదురు కాదు తల్లీ, అది దాని ముక్కు! గాలి పీల్చే చోటు. పందొమ్మిదేళ్లు ముక్కులో కుంకుమ పోశావు. అరవక ఏం చేస్తుంది మరి?"

అణ్ణాచ్చి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ కుంకుమ పళ్లెం ప్రతి ఏడూ నా చేతికి అందించేది ఆయనే. అది ఎవరికీ గుర్తు రాలేదు, నాకు కూడా. సిగ్గుతో చచ్చిపోయాను. నా చెవిని తినేసిన మోతని నా చేత్తోనే, దండం పెట్టి మరీ పెంచానన్నమాట.

సుడలైముత్తు మూడు తీగల చిన్న ప్లగ్గు లాగి, నాలుగు కాళ్లూ విప్పి పాత ఫ్యానుని పైకి తీశాడు. బ్రష్షుతో దుమ్ము దులిపాడు. చిప్పు మీద ఎండిపోయిన పేస్టుని గుడ్డతో తుడిచి, బియ్యపు గింజంత కొత్త పేస్టు పెట్టాడు. దాని మీద కొత్త ఫ్యానుని నొక్కితే నాలుగు మూలలా టక్కుమని కూర్చుంది. పాతదాన్ని చెత్తబుట్టలో పడేశాడు.

స్విచ్చి వేశాడు.

"వెయ్యలేదా?" అన్నాను.

"తెర చూడు" అన్నాడు.

తెర వెలుగుతోంది. చప్పుడు లేదు. నా గాజులు బల్లకి తగిలితే ఉలిక్కిపడ్డాను. పక్క షాపులో ఎవరో దగ్గారు, ఆ దగ్గు నాకు వినబడింది. ఎన్నో ఏళ్ల తర్వాత మళ్లీ నా వేళ్ల కింద మీటలు టకటకమనడం విన్నాను. సంతోషం పట్టలేకపోయాను.

"ఏంటి, ఆగిపోయిందా?" తడిక అవతలనుంచి అణ్ణాచ్చి అరిచాడు.

"తిరుగుతోంది అణ్ణాచ్చీ!" నేనూ అరిచాను, అలవాటు కొద్దీ.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి బెల్లం పాకం పట్టాను. నానబెట్టిన బియ్యం దంచి అరిసెలు వండాను. "ఎవరికమ్మా?" అంది కయల్. అణ్ణాచ్చికని చెప్పాను. ఇరుళప్పన్ ఒక అరిసె తీసుకుని తిన్నాడు.

మర్నాడు పొద్దున అరిసెల డబ్బా అణ్ణాచ్చి బల్ల మీద పెట్టి నా కుర్చీలో కూర్చున్నాను. పదకొండింటికి ఆయన అల్లుడు సెందూర్‌పాండి వచ్చాడు. కొత్త షాపు కట్టే పని చూసేది అతనే. అల్లుడికి ఎదురుగా కూర్చుని అణ్ణాచ్చి ఎప్పటిలాగే గొంతెత్తి మాట్లాడడం మొదలుపెట్టాడు. తడిక ఇవతల మోత ఉన్నప్పుడు ఎంత గొంతుతో మాట్లాడేవాడో అంత గొంతుతోనే. మోత పోయిందన్న సంగతి ఆయన చెవికి తెలిసిందేమో గాని, ఆయన నోటికి ఇంకా తెలియలేదు.

"అరిసెలు బాగున్నాయి మామా. అత్త చేసిందా?"

"లేదల్లుడూ, తవమణి. ఫ్యాను మార్పించానని పండగ చేసుకుంటోంది."

"ఇన్నేళ్లూ మార్చనివాళ్లు ఇప్పుడెందుకు మార్చారు? ఎలాగూ దీపావళి దాకే కదా ఈ పాత డబ్బా."

"అందుకేరా మార్చింది! అది మధ్యలో కాలిపోతే పందొమ్మిదేళ్ల కార్డులు పోవూ? నువ్వు చూసిన ఆ కంప్యూటరు పిల్ల వచ్చి అన్నీ కొత్త మిషన్లలోకి ఎక్కించేదాకా ఊపిరి ఉండాలి దానికి. ఆ తర్వాత డబ్బాని పాత ఇనప సామాన్లవాడికి, తవమణిని వాళ్లింటికి."

"ఆవిడ అద్దాల గది అద్దాల గది అంటుందటగా?"

"ఏం గదిరా? వేరే షాపుకి పోకుండా ఉంటుందని ఒక మాట అన్నా. చెవిటిదాన్ని తీసుకెళ్లి అద్దాల గదిలో, వచ్చేపోయేవాళ్ల ముందు కూర్చోబెడతానా?"

"అవునవును. కొత్త మిషన్ల ముక్కుల్లో కూడా కుంకుమ పోస్తుంది."

ఇద్దరూ నవ్వారు. అరిసెలు నములుతూనే నవ్వారు. అది కూడా వినబడింది నాకు.

తిట్టుకున్నది ఆయనని కాదు, నన్నే. నన్ను చెవిటిదాన్ని చేసిన మిషను ఎవరిది? అది మోగాలని పట్టుబట్టింది ఎవరు? నా మీద జాలితో పెట్టించాడనుకున్న ఫ్యాను ఆ డబ్బా కోసం. దానికి ఊపిరి కావాలి, దీపావళి దాకా. నా ఊపిరి సంగతి ఎవరికీ పట్టలేదు. తెర మీద ఒక గృహప్రవేశం కార్డు సగంలో ఉంది. అది పూర్తి చేశాను. ఆ ఇంటివాళ్లు నాకేం చేశారు?

కార్డు సేవ్ చేసి, పాత కార్డుల ఫైళ్లన్నీ ఒకసారి చూశాను. మా వైపు ఏ శుభలేఖ అయినా ఇలవేల్పు పేరుతోనే మొదలవుతుంది. కార్డు నెత్తిన ఆ పేరు లేకపోతే పెద్దవాళ్లు ముట్టుకోరు. షాపుకి వచ్చేవాడు "మా అన్న పెళ్లికి వేసినట్టే వెయ్యండి" అంటాడు గాని, ఏ ఏడో ఏ నెలో చెప్పలేడు. అందుకని నేను ఫైళ్లకి పెళ్లికొడుకుల పేర్లు పెట్టలేదు, తేదీలూ పెట్టలేదు. ఇలవేల్పు పేరు, దాని పక్కన ఒక అంకె. కరుప్పసామి ఏడు అంటే ఉత్తరపు వీధి మూలింటివాళ్లు. పేచ్చియమ్మన్ నలభై అంటే బాణసంచా గోదాము రామలింగం కుటుంబం. ఏ అంకె ఎవరిదో ఎక్కడా రాసిలేదు. నా తలలో ఉంది. అడిగినవాడు లేడు.

కాసేపటికి అణ్ణాచ్చి తడిక పక్కనుంచి తొంగిచూశాడు. పెదవి మీద అరిసె పిండి ఉంది.

"తవమణీ!" అని కేకేశాడు. "రేపట్నుంచి యాళిని అని ఒక పిల్ల వస్తుంది! ఏ ఫైలు ఎక్కడుందో దానికి కాస్త చూపించు! కొత్త షాపుకి కావాలి కదా, నీ అద్దాల గదికి!"

"అరవకండి అణ్ణాచ్చీ" అన్నాను. "మోత ఆగిపోయింది కదా. పొద్దుట్నుంచి అన్నీ వినబడుతున్నాయి నాకు."

ఆయన తడిక వైపు చూశాడు, డబ్బా వైపు చూశాడు. సెందూర్‌పాండి కుర్చీ జరిపి లేచిన చప్పుడు అయింది. నేను కంప్యూటరు ఆపి, అన్నం డబ్బా సంచిలో పెట్టుకున్నాను. చెత్తబుట్టలోంచి పాత ఫ్యాను తీసి అదీ సంచిలో వేసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో అప్పుడు తెలియదు. పందొమ్మిదేళ్లు పనిచేసిన చోటునుంచి వట్టి చేతులతో రావడం ఇష్టం లేకపోయింది, అంతే.

ఇరుళప్పన్‌కి చెప్పాను. ఈగల మాట ఎత్తుతాడని చూశాను. ఎత్తలేదు. "అన్నం తిను" అన్నాడు.

ఆయుధ పూజ నాడు ఇంట్లో పటం ముందు ఎవరి పనిముట్లు వాళ్లు పెట్టుకున్నాం. ఆయన కాగితాలు కోసే కత్తి, కొలబద్ద పెట్టాడు. కయల్ పుస్తకాలు పెట్టింది. "నీదేదమ్మా?" అంది. నేను లోపలికెళ్లి ఫ్యాను తెచ్చి పుస్తకాల పక్కన పెట్టాను. గంధం అద్ది బొట్టు పెట్టాను. ఇప్పుడు ముక్కో నుదురో ఏదైనా ఒకటే.

కయల్ దాన్ని చేతిలోకి తీసుకుని, నా ఎడమవైపు నిలబడి, వేలితో రెక్కలు తిప్పింది. నేను తల తిప్పి చూస్తే గాని తిరుగుతోందని తెలియలేదు.

"ఇంకా గరగరమంటోందమ్మా" అంది.

"అంటోందా?" అన్నాను.

మధ్యాహ్నం గుమ్మం ముందు బండి ఆగింది. అణ్ణాచ్చి. బండి ముందు గుడ్డ కట్టి పెట్టుకొచ్చిన ఇత్తడి పళ్లెం చేతిలోకి తీసుకున్నాడు, దాని నిండా బొరుగులు, వేయించిన శనగలు, బెల్లం ముక్కలు. షాపులో పూజ ప్రసాదం. ప్రతి ఏడూ నేనే ఇంటికి తెచ్చుకునేదాన్ని, ఈసారి అదే మా గుమ్మంలోకి వచ్చింది. నేను గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉన్నాను. ఆయన వచ్చి నా ఎడమవైపు నిలబడి, వంగి, ఎప్పుడూ లేనంత మెల్లగా ఏదో అన్నాడు.

"గట్టిగా చెప్పండి అణ్ణాచ్చీ. చెవిటిదాన్ని కదా."

ఆయన అటూ ఇటూ చూశాడు. ఎదురింటి అరుగు మీద నలుగురు ఆడవాళ్లు బొరుగులు తింటూ కూర్చున్నారు.

"ఆ పిల్లకి ఏమీ దొరకడం లేదు. నాలుగు రోజులు వచ్చి..."

"ఇంకా గట్టిగా."

"నాలుగు రోజులు వచ్చి పేర్లు చెప్పి వెళ్లమ్మా! మూడు పెళ్లిళ్ల కార్డులు ఆగిపోయాయి! వాళ్లొచ్చి గుమ్మంలో కూర్చున్నారు!"

"వినబడలేదు అణ్ణాచ్చీ."

"నువ్వు లేకపోతే నడవడం లేదు తవమణీ!" అని అరిచాడు, మోత ఉన్న రోజుల గొంతుతో. ఎదురింటివాళ్లు నమలడం ఆపేశారు. పక్కింటి కిటికీ తెరుచుకుంది. ఆ తర్వాత ఆయన మళ్లీ వంగి ఒక మాట అన్నాడు. అది పెదవులు చూసి తెలుసుకున్నాను. అద్దాల గది. ఆ ఒక్కటి మాత్రం వీధికి వినబడకుండా అన్నాడు.

నేను లేచి పళ్లెం అందుకున్నాను. ప్రసాదం వద్దనకూడదు. లోపలికెళ్లి బొరుగులు చేటలో పోశాను. పళ్లెం ఖాళీగా తిరిగి ఇవ్వడం మా ఇళ్లలో లేదు. ఒక అరటిపండో, గుప్పెడు బియ్యమో వేసి ఇస్తాం. పటం ముందున్న ఫ్యాను తీసి ఆ పళ్లెంలో పెట్టాను. బొట్టు ఇంకా ఆరలేదు.

"పేర్లన్నీ విన్నది ఇదొక్కటే అణ్ణాచ్చీ" అని ఆయన చేతిలో పెట్టాను. "దీన్నే అడగండి."

ఆయన ఒక చేత్తో పళ్లెం పట్టుకుని బండి తొయ్యడం చేతకాక, ఫ్యాను జారిపోకుండా బొటనవేలితో నొక్కిపెట్టి, బండి అక్కడే వదిలేసి వీధి చివరిదాకా నడిచాడు. ఎదురింటివాళ్లు ఏమైందని అడిగారు. పండగ పలకరింపులకి వచ్చాడని చెప్పాను.

మర్నాడు విజయదశమి. పటం ముందు పెట్టిన పనిముట్లు మళ్లీ చేతికి తీసుకుని పని మొదలుపెట్టే రోజు. ఇరుళప్పన్ కత్తీ కొలబద్దా తీసుకుని వెళ్లాడు. కయల్ పుస్తకం తెరిచి ఒక పేజీ చదివింది. పటం ముందు నా చోట కాస్త కుంకుమ రాలి ఉంది. తడిగుడ్డ తెచ్చి తుడిచాను.